కుడిచేత్తో ముద్ద

(ఇబ్రహీంపట్నం బస్ డిపో వెనక రేకుల ఇల్లు. మధ్యాహ్నం. మంచం మీద నారయ్య, ఎదురుగా అన్నం గిన్నెతో భార్య సుక్కమ్మ. అతనికి పక్షవాతం వచ్చి ఎనిమిది నెలలు.)

"తువ్వాల ఇప్పే."

"ఇప్ప."

"ఎడమచెయ్యి గుంజుతుంది, సుక్కమ్మా. ఇప్పు."

"గుంజనీ. మంచిగున్న చెయ్యి కట్టేస్తెనే పడ్డ చెయ్యి లేస్తదని దవాఖానల స్టెల్లా చెప్పలేదా? కసరత్తు నేర్పే పిల్లకు తెల్వదా, నీకు తెల్సా?"

"జరసేపు కట్టుమన్నది. గిట్ల మంచంకోడుకు కట్టుమన్నదా?"

"మెత్తగ కడితే నిన్న పండ్లతోని ఇప్పుకున్నవ్. కుడిచేత్తోని అన్నం కలుపు."

"రాదు."

"పావురం రక్తం రుద్దితే వస్తదని రెండు నెలలు కూసున్నవ్. ఎన్ని పావురాలను కోపిచ్చినవ్? ఏమొచ్చింది? గిప్పుడు ఏళ్లు కదులుతున్నయ్. కలుపు."

"ఆకలైతుందే. ఒక్క ముద్ద నువ్వే పెట్టు."

"తింటే నీ చేత్తోని తిను. లేకుంటే పండు."

"నీయవ్వ... చెయ్యి రానీ, అప్పుడు చెప్త నీ సంగతి."

"ఏం చెప్తవ్?"

"తెల్వదా?"

"తెల్సు. రెండు పండ్లు రాలినయ్. ఈ చెవ్వు ఇనపడదు. గదంత గీ కుడిచెయ్యి పనే."

"తాగి కొట్టిన. తాగినోనికి ఏం తెలుస్తది?"

"తాగకుండ గూడ కొట్టినవ్."

"తువ్వాల ఇప్పుమంటున్న గద."

"పడ్డనాడు గూడ నా మీదికే లేపినవ్. లేపిన చెయ్యి లేపినట్టే గోడకు ఒరిగినవ్. అందరు నిన్ను చూసి ఏడ్చిండ్రు. నా మొకం ఎవ్వలు చూడలే."

"గవన్ని ఇప్పుడెందుకు? గిన్నె తన్నుత చూడు."

"తన్ను. మల్ల పెడ్త. పొద్దుమీకేదాంక పెడ్త. కలుపు."

"అబ్బా... ఏళ్లు ఒంచకే, ఇరుగుతయ్... ఇడువు, నేనే..."

"ఇడిచిన. పట్టు."

"ఆగు... ఆగు. సుక్కమ్మా, ముద్దయిందే."

"నోట్లె పెట్టుకో. మోచెయ్యి లేపు. ఇంకా లేపు. ఆఁ. ఇంకోటి."

"నాలుగు తిన్న. నా చేత్తోని నాలుగు తిన్న. చూసినవా?"

"చూసిన."

"జర దగ్గరికి రా."

"వచ్చిన."

"నన్ను కట్టేస్తవానే? ఇగో... దెబ్బ తగిలిందా?"

"తగిలింది."

"ఇప్పుడన్న ఇప్పు."

"ఇప్తున్న. చెయ్యి పడ్డ మొగన్ని ఇడిచిపోయిందనే పేరు నాకొద్దని ఇన్నొద్దులు ఆగిన. నీకు చెయ్యొచ్చింది. తుర్కయాంజాల్‌ల పని మాట్లాడుకున్న, నేను పోతున్న."