కుళాయి చుట్టూ బండలు

పెరటి గుమ్మం నుంచి కుళాయి దాకా, దాని చుట్టూ, బండల దారి కోసం ఆయన సున్నంతో గీత గీశాడు. భార్య చేతికర్ర పక్కన పెట్టి గట్టు మీద కూర్చుంది.

"బండకీ బండకీ మధ్య జానెడు వదులుదాం. గడ్డి మొలిస్తే అందంగా ఉంటుంది."

"సందులొద్దండీ. ఆనించి వేయించండి. గుమ్మం దగ్గర మెట్టు కూడా తీయించి వాలుగా దించమనండి. వెడల్పు ఇంకో మూర పెంచండి."

"మనిద్దరి నడకకి రాజవీధి కావాలా?"

"చక్రాల కుర్చీ తిరగాలి."

"ఇప్పట్నుంచే ఎందుకు? కాళ్లలో పట్టు పోవడానికి ఏళ్లు పడుతుందన్నాడుగా డాక్టరు."

"ఏడాదిలోపే అన్నాడు."

"నాకలా వినపడలేదు."

"అప్పుడు మీరు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు."

"మొక్కలకి నీళ్లు నేను పోస్తాలే."

"మీ చేతిలో పడితే నాగజెముడు కూడా ఎండిపోతుంది. మేస్త్రీని మళ్లీ మళ్లీ పిలవలేం, ఒకసారి రావడమే గగనం."

ఆయన కాలితో గీత చెరిపి, ఈసారి వెడల్పుగా గీశాడు. కుళాయి దగ్గర ఆగాడు.

"కుర్చీలో కూర్చుంటే నీ చెయ్యి ఎంత ఎత్తుకి అందుతుంది?"

"ఎందుకు?"

"కుళాయి కిందికి దించమని ప్లంబరుకి చెప్పాలి."