పైగదిలో మొక్కలు

కంప్లిలో ఒక మేడ. కింద అరటికాయలు మగ్గబెట్టే గోడౌను, పైన కాపురం. పొద్దు గూకుతోంది, కరెంటు లేదు. ఇల్లాలు ఉష, మొక్కలమ్మే సవిత పైగదిలో, ఉష అత్తగారు వంటింట్లో ఉన్నారు.

“మళ్లీ నన్నే అంటావేంది ఉషమ్మా? నా నర్సరీలో ఉన్నన్నాళ్లూ పచ్చగానే ఉండె.”

“నా గదిలోకొచ్చాక చచ్చిపోతున్నాయి సవితక్కా. ఈ మనీప్లాంటు చూడు. ముట్టుకుంటే ఆకు రాలిపోతోంది.”

“మనీప్లాంటు సీసాలో ఏసినా బతుకుతాది. నీళ్లు పోస్తాండావా?”

“పొద్దునా సాయంత్రం. వాడిపోతున్నాయని ఇంకో చెంబు ఎక్కువే పోస్తున్నా.”

“ఉషా, అగ్గిపెట్టె ఎక్కడ పెట్టావే? కనబడి చావట్లేదు.”

“ఫ్రిజ్ మీదుంది అత్తయ్యా.”

“చెంబు ఎక్కువ పోస్తే వేరు కుళ్తాది. కుండీల కింద పళ్లేలు ఏవి?”

“పొర్లిపోతున్నాయని తీసేశా. ఆ మూల స్లాబు చీలిందిగా, నీళ్లు అందులోకి పోతాయి.”

“కిటికీ అన్నా తెరువు తల్లీ. ఏంది ఈ వాసన?”

“వెల్లుల్లి వాసనలా లేదూ? నేను వెల్లుల్లి ముట్టి వారమైంది. కిటికీ తీస్తే లారీల దుమ్ము, పాపకి ఆయాసం. నువ్వేగా చెప్పావు, గదిలో నాలుగు కుండీలుంటే గాలి శుభ్రమవుతుంది, బిడ్డ హాయిగా నిద్రపోతుందని.”

“చెప్పినా. ఉండే మాటే చెప్పినా. నిద్రపోతాందా?”

“నిద్రే నిద్ర. నిన్నట్నుంచి పాలకి కూడా లేవట్లేదు. నాకూ తల దిమ్ముగా ఉంటోంది.”

“బిడ్డను ఇట్ల తే.”

“ఇప్పుడే పడుకుంది...”

“తే అంటాండా. బేగ తే. ఆ చీలిక కింద ఏముండాది?”

“పున్నయ్య డబ్బాలు. గోడౌను అద్దెకి తీసుకున్నాడే, ఆయన. మొన్న కిందనుంచి అరిచాడు, డబ్బాల మీద నీళ్లు కారుతున్నాయి, కుండీలు తీసెయ్యమని. నేనూ ఊరుకోలా. మా ఇంట్లో మాకే చెప్తావా అన్నా.”

“డబ్బాల్లో ఏముండాదో చెప్పెనా?”

“అదీ... ఎవరికీ చెప్పొద్దన్నాడు.”

“ఉషమ్మా.”

“కార్బైడు రాళ్లు. కాయలు తొందరగా మగ్గడానికి. ఆఫీసర్లకి తెలిస్తే గోడౌను మూయిస్తారంట.”

“మా తమ్ముడు దురుగప్పది వెల్డింగ్ షాపు. వాడు ఆ రాళ్ల మీద నీళ్లు పోసే గ్యాస్ తీసేది. దాని మంటకి ఇనుము తెగుతాది. ఆ గ్యాసే చీలికలోంచి ఈడికి ఎక్కుతాండాది. కాయల్ని మాగబెట్టినట్లే నీ ఆకుల్నీ మాగబెట్టేసింది.”

“అంటే నేను పోసిన నీళ్లే...”

“అది తర్వాత ఏడుద్దువు. స్విచ్చులు ముట్టొద్దు. కరెంటు వచ్చేలోపల వీధిలో ఉండల్ల. పున్నయ్యకి చెప్పు, వచ్చి గోడౌను తలుపులు తీయమని.”

“ఊళ్లో లేడక్కా. సిరుగుప్ప వెళ్లాడు. తాళం అత్తయ్యకిచ్చి...”

“ఇచ్చి?”

“గోడౌన్లో లక్ష్మీదేవి పటానికి సాయంత్రం దీపం పెట్టమన్నాడు.”

“ఆయమ్మ యాడుండాది ఇప్పుడు?”

“అత్తయ్యా. అత్తయ్యా, వద్దు. వెలిగించొద్దు, బయటికి వచ్చెయ్యండి.”

“వస్తున్నానే, ఎందుకలా గొంతు చించుకుంటావు? పైనుంచి నీ కుండీల నీళ్లు పడి అగ్గిపుల్లలన్నీ తడిశాయి. ఆగు, ఇది ఒక్కటీ పొడిగా ఉంది.”