అక్క కట్టించిన వంతెన, నేను వాగిన వాగుడు

ఏంటీ, ఏటి మీద వంతెన ఎవరు వేయించారనా? నేనేరా. నవ్వకు. సరే, నేను వాగాను, అక్క వేయించింది. అక్కంటే మన ఎమ్మెల్యే అక్క, నువ్వు పుట్టకముందే పోయిందిలే. ఈ జిల్లాలో ఆవిడ నిలబడితే గెలవడమే, ఓడటమన్నది తెలియదు. నేను ఆవిడ మీటింగులకి మైకులు కట్టేవాణ్ణి. మీ నానమ్మేమో "అక్క వెనకాల ఉన్నది మా ఆయనే" అని ఊరంతా చెప్పుకునేది. ఉన్నాను మరి, వెనకాలే, స్పీకరు డబ్బా పక్కన. అక్క ఉపన్యాసం ఎప్పుడూ ఒకటే. మాట మారదు, దగ్గు కూడా అక్కడే వస్తుంది. నేను నిద్దట్లో అదంతా అప్పజెబుతుంటే మీ నానమ్మ "ఓటు నీకే వేస్తాలే, పడుకో" అనేది. కానీ ఒకటి, చేతిలో లేనిది ఇస్తానని ఆవిడ ఎన్నడూ అనలేదు. "చూస్తాను" అనేది, అంతే.

ఆఖరి ఎన్నికలప్పుడు ఏటి అవతల సభ. ఆవిడకి గొంతు పూర్తిగా పోయింది. జనం ఎండలో కూర్చునున్నారు. మైకు నా చేతికిచ్చి, కానియ్ అని సైగ చేసింది. చెప్పేశాను, మొత్తం, దగ్గుతో సహా! ఒకటే చప్పట్లు. అక్కడితో దిగిపోతే పెద్దమనిషినే. కానీ జన్మలో నాకెవడు చప్పట్లు కొట్టాడు చెప్పు? తలకెక్కింది. అంతలో ఒకావిడ లేచి, "నా కోడలు నొప్పులు పడుతూ పడవలోనే పోయింది. వంతెన ఎప్పుడేస్తారమ్మా?" అంది. అడిగింది అక్కని. నేను ఛాతీ విరుచుకుని, "గెలవగానే వంతెన! ఇది నా మాట!" అనేశాను. నా మాటట! ఇంట్లో కారే కుళాయి బాగుచేయిస్తానని ఏళ్ల తరబడి చెబుతున్న మొగాణ్ణి!

అక్క వెనకనుంచి చొక్కా పట్టి లాగితే గుండీ ఊడింది. కారెక్కాక గుసగుసగా, "ఒరేయ్, వంతెన ఎక్కణ్ణుంచి తేనురా?" అంది. "మైకువాడు వాగాడని చెప్పెయ్ అక్కా." "సరే, ఆ అత్తగారికి నువ్వెళ్లి చెప్పిరా." నేనెళ్లలేదు. తనూ వెళ్లలేదు.

గెలిచింది. ఇక అసెంబ్లీలో లేస్తే వంతెన, కూర్చుంటే వంతెన. ఆవిణ్ణి చూసి తోటివాళ్లు "అదిగో, వంతెన వస్తోంది" అనేవాళ్లట. చివరికి ముఖ్యమంత్రి పిలిచి, "మంత్రి పదవిస్తాను, ఆ గొడవ వదిలెయ్" అన్నాడు. అక్క జీవితమంతా ఎదురుచూసింది ఆ పదవి కోసమేరా! ప్రతిసారీ ఆఖరి నిమిషంలో ఇంకెవరో తన్నుకుపోయేవాళ్లు. "వంతెనివ్వండి, పదవి ఎవరికైనా ఇచ్చుకోండి" అని వచ్చేసింది. అది విని, మొహం చెల్లక కొన్నాళ్లు నేనావిడ గుమ్మం తొక్కలేదు. తనే కబురంపింది, రేడియో పలకడం లేదని.

ప్రారంభం రోజు రిబ్బను ఎవరో మంత్రి కత్తిరించాడు. అక్కని మాట్లాడమని పిలవను కూడా పిలవలేదు. నాకు ఒళ్లు మండి, మంత్రి మైకు ఆపేద్దామని ఫ్యూజు పీకబోతే నాకే షాకు కొట్టింది. అందరూ వెళ్లాక ఇద్దరం వంతెన మీద నడిచాం. "నా నోటిదూల వల్ల నీకు పదవి పోయిందక్కా" అన్నాను. పోతే పోయిందిలేరా అంటుందనుకున్నా. "పోయిందిరా. అన్నం తింటున్నా గుర్తొస్తుంది" అంది. నీళ్లవైపు తిరిగి, "మళ్లీ అడిగినా వంతెనే అంటాను. మళ్లీ ఏడుస్తాను" అంది.

నేనేమన్నానా? ఏమంటాను... మాట్లాడాల్సిన ఆ ఒక్క చోట నోరు పెగల్లేదురా.

సర్లే, ఆ తలుపు దగ్గరికి వెయ్యి. చలిగాలొస్తోంది.