అల్లం బస్తాకు మాట నేర్పిన విరూపాక్ష గారు

1996 ఆగస్టు 12వ తేదీన జహీరాబాద్‌లోని మన పాలిటెక్నిక్ కళాశాలలో కంప్యూటర్ అధ్యాపకులుగా బాధ్యతలు స్వీకరించిన శ్రీ విరూపాక్ష గారు, తమ ఊరు న్యాల్‌కల్ నుంచి బస్సులో వచ్చిపోతూనే దాదాపు మూడు దశాబ్దాలు అవిచ్ఛిన్నంగా విద్యాసేవ చేసి, గత జులై 31న పదవీ విరమణ పొందారు.

సి ప్లస్ ప్లస్ అనే ప్రోగ్రామింగ్ భాష వారి అభిమాన విషయం. అంకెలనూ అక్షరాలనూ తెరపై చూపడం కంప్యూటర్‌కు తెలుసు. మనం ప్రోగ్రాంలో కొత్తగా సృష్టించిన వస్తువును ఎలా చూపాలో తెలియదు కనుక, ‘<<’ అనే ముద్రణ గుర్తుకు ఆ పని అదనంగా నేర్పాలి. ఆపరేటర్ ఓవర్‌లోడింగ్ అనే ఈ క్లిష్టమైన పాఠాన్ని వారు మన ప్రాంతంలో పండే అల్లం బస్తాతో మొదలుపెట్టేవారు. “మీ అల్లం దానికేం ఎరుక? ఎట్ల కనపడాల్నో మీరే చెప్పున్రి” అనేవారు.

నిరుడు పాఠ్యప్రణాళికలో ఆ భాష స్థానంలో పైథాన్ వచ్చింది. ఆఖరి ఏడాది వారిని బోధన నుంచి తప్పించి కార్యాలయానికి పంపాలన్న ఆలోచన సాగింది. వారు చాలా బాధపడ్డారు. అయినా ఎవరినీ నిందించక, తమ కూతురి వయసున్న సహాధ్యాపకురాలినైన నా తరగతిలో వెనుక బెంచీన కూర్చుని కొత్త భాష నేర్చుకుని, ఒక్క పాఠం చెప్పి చూపే అవకాశం అడిగారు.

ఆ పాఠం రోజు ప్రిన్సిపాల్ రాజశేఖర్ గారు కూడా వచ్చి కూర్చున్నారు. తీరా వారు ప్రోగ్రాం రాసి నడిపి చూస్తే బస్తా వివరాలకు బదులు తెరపై ఏదో అర్థంకాని సంఖ్య పడింది. సి ప్లస్ ప్లస్‌లో ముద్రణ విధానాన్ని వస్తువు నిర్వచనానికి బయట రాస్తారు. పైథాన్‌లో లోపల రాయాలి. అలవాటైన చేయి పాత దారినే పట్టింది.

నవత అనే విద్యార్థిని లేచి, “సార్, అది బయట ఉన్నది. లోపటికి తేవాలె” అంది.

వారు హాయిగా నవ్వి, “ఇన్నేండ్లు బయటనే రాస్తి బిడ్డా. జర నువ్వే వచ్చి లోపట పెట్టు” అంటూ తమ కుర్చీ ఇచ్చారు. ఆమె సరిచేయగానే ‘న్యాల్‌కల్ అల్లం, నలభై కిలోలు’ అని తెరపైకి వచ్చింది. పిల్లలంతా చప్పట్లు కొట్టారు.

“తప్పు చెప్పనీకి పిల్లలు భయపడని సార్‌ను ఆఫీసుల కూసోబెడ్తమా? ఆయననే చెప్పనీయున్రి” అన్నారు రాజశేఖర్ గారు. ఏడాది పాఠమంతా వారే చెప్పారు.

విరమణ రోజు సాయంత్రం నవత ఏదో సందేహం అడిగితే, బస్సుకు వేళైందని, “రేపు చెప్త బిడ్డా” అని వెళ్లిపోయారు. మేమంతా ముఖాలు చూసుకున్నాం. మరునాడు మొదటి బస్సుకే దిగి, ల్యాబ్‌లో ఆమె పక్కన కూర్చున్నారు. “ఇంటికాడ జర కూసో అంటే ఇంటడా?” అని వారి శ్రీమతి శివమ్మ గారు ఫోనులో నవ్వారు.

ఆ దంపతులకు భగవంతుడు సంపూర్ణ ఆయురారోగ్యాలు ప్రసాదించాలనీ, “రేపు చెప్త” అని మాట ఇచ్చి నిలబెట్టుకోవడానికి మా విరూపాక్ష గారికి ఇంకా ఎన్నెన్నో రేపులు ఉండాలనీ మనసారా కోరుకుంటున్నాను.

— దీపిక, కంప్యూటర్ విభాగం