హాస్టల్లో ఒక మంచం

(వంశధార ఒడ్డున ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీ. అమ్మాయిల హాస్టల్ వార్డెన్ రాజకుమారి గదిలో, అవతలి ఒడ్డు నుంచి వచ్చిన లక్ష్మణమ్మ.)

"చెప్పాను కదమ్మా, దగ్గర ఊళ్ళవాళ్ళకి హాస్టల్ ఇవ్వం. మీ ఊరు ఈ కిటికీలోంచి కనిపిస్తోంది."

"కనిపిస్తాది తల్లీ. రావడమే అవదు. ఏట్లో నీళ్ళొస్తే వంతెన మీంచి సుట్టు తిరిగి రెండు బస్సులెక్కాల."

"బస్సులున్నాయి కదా."

"పొద్దున్న ఉన్నాది. సాయంత్రం ఉన్నాదో నేదో డ్రైవరుకే తెల్దు."

"ఉన్నవి ముప్పై మంచాలు. అడిగినవాళ్ళు వందమంది. కొండమీది ఊళ్ళ పిల్లలున్నారు. అమ్మానాన్న లేనివాళ్ళున్నారు. మీ గౌరికి అందరూ ఉన్నారు."

"అందరూ ఉన్నారనే కదా పెళ్ళి సేసేస్తన్నారు."

"పెళ్ళా? ఎప్పుడు?"

"ఇక్కడ మంచం దొరక్కపోతే వొచ్చే నెల. దొరికితే నేదు. గవర్నమెంటు హాస్టల్ వస్తే సదివిస్తానని ఆళ్ళ నాన్న అందరి ముందరా అన్నాడు. రాదని ఆడి ధైర్యం."

"అయితే ప్రైవేటు హాస్టల్లో పెట్టండి."

"అంతుంటే మీకాడికెందుకొస్తాను?"

"ఇంతకీ గౌరికి మీరేమవుతారు?"

"మా గుంటే తల్లీ. నా సేతుల్లోనే పెరిగినాది."

"మీ గుంటకి ఇస్తే ఇంకో పిల్లకి లేదనాలి. ఎవరికి లేదనమంటారు?"

"అది నాను సెప్పకూడదు."

"నేను మాత్రం చెప్పాలి."

"గదికి ఎన్ని మంచాలు?"

"ఆరు."

"ఏడోది మేం తెస్తాం. నులకమంచం."

"బయటి మంచాలు వెయ్యనివ్వరమ్మా."

"కింద పడుకుంటాది. ఇంటికాడా అంతే."

"పెళ్ళికొడుకు మంచివాడు కాదా?"

"మంచోడే. తాగడు. కొత్తవలసలో వెల్డింగు పని. సెప్పిన మాట ఇంటాడు."

"మరి ఇంకేం కావాలి?"

"గుంటకి లెక్కలు కావాలంట."

"పెళ్ళయ్యాక చదువుకోవచ్చు కదా."

"అలాగే అంటన్నారు. నాకూ అలాగే అన్నారు."

"మీరు చదివారా మరి?"

"సూస్తన్నారు కదా."

"ఉండండి, దరఖాస్తుల జాబితా మళ్ళీ చూస్తాను."

"నీళ్ళు కావాలా తల్లీ? సీసా తెచ్చుకున్నాను."

"వద్దు. చూడండి, ప్రిన్సిపాల్ గారితో మాట్లాడతాను. ఏట్లో నీళ్ళున్నన్నాళ్ళు ఉంచుకోమని అడుగుతాను."

"నీళ్ళు తీసినాక?"

"తీసినాక చూద్దాం."

"తీసినాక కూడా ఉంటాది. రాసీండి."

"అలా రాయకూడదు. మీకు తెలీదు, ఇలాంటి వాటిల్లో చివరికి గొడవ నా మీదికొస్తుంది. పోయినేడాది ఒకావిడ వచ్చి మా కోడల్ని పంపమని మెట్లమీద కూచుంది."

"కూకుంటారు. పంపీసారేటి?"

"పంపలేదు. కానీ కాలేజీ అంతా చూసింది. రేపు మీ పెళ్ళికొడుకు తల్లి కూడా వచ్చి కూచుంటే నేనేం చెయ్యాలి?"

"రేపు రాదు తల్లీ. ఇయ్యాలే వొచ్చి మీ ముందర కూకున్నాది."