రెండు వైపులా మూసిన టోపీ

డిసెంబరు ఉదయం హుస్సేనీ ఆలం గల్లీలో ఆటో ఆగి ఉంది. మనవరాలిని మొదటిసారి చర్చికి తీసుకుపోతున్న సుందరమ్మ చేతిలో, పక్కింటి రిటైర్డ్ లెక్చరర్ అనంతపద్మనాభం తాను అల్లిన ఊలు టోపీని సిగ్గుపడుతూ పెట్టాడు.

“ఇదేంది సారూ, బంతా?”

“టోపీ అమ్మా. పాపకు చలి పెట్టొద్దని.”

“తల యాడికెళ్లి పెట్టాలె? రెండు దిక్కులా మూసేసిన్రు!”

“మా ఆవిడ అల్లుతుంటే ముప్పై ఏండ్లు చూసిన. మొదలుపెట్టేటప్పుడు పక్కనే కూసునేటోణ్ణి, సగంల నిద్రపట్టేది. ఎక్కడ ఆపాలెనో ఎన్నడూ చూడలే.”

“అయ్యో దేవా!”

“నెల దినాలు కష్టపడ్డనమ్మా. ఇప్పుడు పాప వట్టి తలతోనే పోతదా?”

“ఫికర్ జెయ్యకుండ్రి. ఆటో భాయ్, దో మినట్ రుకో, జర ఆగు! సారూ, చివరి వరుసలు విప్పుకుంట రాండ్రి, టోపీ అదే బయటపడ్తది.”

ఆయన దారం లాగుతూ అడిగాడు: “చాలా?”

“ఇంకొంచెం... ఇంకొంచెం... బస్!”

టోపీ పాప చెవుల దాకా చక్కగా దిగింది. పాప ఆవులించింది. ఆయనకు అదే సర్టిఫికెట్టు. సుందరమ్మ పాపను ఎత్తుకుని ఆటో ఎక్కింది.

“సారూ, దారం ఇంకా మీ చేతిలనే ఉంది! ఆటో కదుల్తుంది, తెంపుండ్రి!”

“తెంపితే మొత్తం విడిపోతదేమో! జర జరుగమ్మా, నేను గూడ చర్చికొస్త.”