ఆయన రాయని పాట

ఎల్బీనగర్‌లో క్యాసెట్ల దుకాణం నడిపే వీరేశం, అదే గల్లీలో ఉండే పెద్దాయన రాసిన బతుకమ్మ పాట దొంగిలించాడు. ఠాణాలో ఆ పెద్దాయన అలాగే ఫిర్యాదు రాసిచ్చాడు. పోలీసులు దుకాణానికి తాళం వేసిన మూడోనాడు వీరేశం ఆయన ఇంటికొచ్చాడు.

"కాకా, నువ్వే రాసినవా? అయితే ఒక్క చరణం పాడు."

ఆయన పాడలేకపోయాడు.

"పోయినేడు మీ ఇంటామెనే నా దుకాణంకొచ్చి క్యాసెట్ల పాడింది, అందరు ఇనాలన్నది. ఆఖరుకు నీ పేరు గూడ కలిపింది."

"నా పేరా? ముప్పై ఏండ్లల్ల ఒక్కసారి పలకలే."

"మొగని పేరు మాటల పలకొద్దు, పాటలయితే తప్పులేదన్నది. నువ్వు ఆఖరుదాకా ఇనలేదా?"

"ఎట్ల ఇనాలె? ఆమె పోయినంక గల్లీగల్లీల మైకుల ఆమె గొంతే. బంద్ చేయించనీకి అబద్ధం రాసిచ్చిన."

"నా బతుకు బంద్ అయింది కాకా."

ఆయన వీరేశం మొహం చూడలేక చెప్పులు వెతుక్కున్నాడు.

"పా ఠాణాకు, కంప్లైంట్ వాపస్ తీసుకుంట. గీ పాట ముచ్చట మళ్ల నా ముందట తియ్యకు. సచ్చేదాకా నేను గూడ తియ్య."